గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం - మన చేతిలోని ఫోనుకు ఒక పాఠం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరారు. ఎవరి గురించి రాయాలా అని నేను ఎక్కువ ఆలోచించవలసిన పని లేకపోయింది. కొన్నేళ్ళుగా మన సంఘం గదిలో ఏ ఇద్దరు కలిసినా మాట ఫోను మీదికే పోతున్నది. లైఫ్ సర్టిఫికెట్టు ఫోనులో, బ్యాంకు ఫోనులో, కరెంటు బిల్లు ఫోనులో. అక్షరాలు కనబడవు, కనబడినా అర్థం కావు, అర్థమయ్యేలోగా టైము అయిపోయిందని ఆ తెర మొదటికి పోతుంది. చివరికి అందరూ చెప్పే మాట ఒకటే. మనకు వయసైపోయింది, మనకు చేతకాదు అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు గుర్తుకు వస్తారు. ఆయన 1940లోనే కాలం చేశారు. ఫోను తెర ఆయన ఎరుగరు. కానీ చదవలేనివాడిది తప్పా, చదవరాకుండా రాసినవాడిది తప్పా అన్న ప్రశ్నను తెలుగువారి మధ్య నిలబెట్టి, దాని కోసమే జీవితంలో సగభాగం ఖర్చుపెట్టిన మనిషి ఆయన. అందుకే ఆయన జీవితం రాస్తున్నాను.

బాల్యం, ఉద్యోగం

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న అధికారి. ఆయనను చోడవరం బదిలీ చేశారు. అక్కడే విషజ్వరం వచ్చి పోయారు. అప్పటికి రామమూర్తిగారు పన్నెండేళ్ళు దాటని పిల్లవాడు. విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. అక్కడ ఆయనతో కలిసి చదివినవారు గురజాడ అప్పారావుగారు. ఆ స్నేహం తరువాత తెలుగు దేశానికి ఎంత మేలు చేసిందో మనకు తెలుసు.

కుటుంబ భారం మీద పడడంతో పై చదువులకు పోయే వీలు లేకపోయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఎ., తరువాత బి.ఎ. పూర్తి చేశారు. చరిత్ర ఆయనకు ప్రాణం. ముఖలింగం గుడిలోని శాసనాలను ఎవరి సహాయం లేకుండా తానే చదవడం నేర్చుకున్నారు. పాత లిపులు చదివిన ఆ కన్ను తరువాత భాషావాదంలో ఆయనకు పెద్ద ఆయుధమైంది.

సవరల మధ్య

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష వేరు. ఆ భాషకు అప్పట్లో అచ్చు పుస్తకం లేదు, బడి లేదు. కచేరీలోనూ, సంతలోనూ వారి మాట అర్థం చేసుకునే నాథుడు లేడు. వారికి చదువు రాదు అని లోకం అనుకున్నది. పంతులుగారు అలా అనుకోలేదు. వారికి వచ్చిన భాషలో మనం చదువు చెప్పడం లేదు అని అనుకున్నారు. ఈ రెండు ఆలోచనలకూ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి ముఖ్యం.

ఆయన ఏం చేశారో చూడండి. తెలుగు వచ్చిన సవరను ఇంటికి పిలిపించి, తనతో ఉంచుకుని, అతని దగ్గర శిష్యుడుగా కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఈ పని సాగింది. అడవి జ్వరానికి క్వినైను ఎక్కువగా వాడవలసి వచ్చి ఆయన వినికిడి పోయింది. మాట వినబడడమే ఆధారమైన పని పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం ఎంత పెద్ద దెబ్బో చెప్పనక్కరలేదు. అయినా ఆయన ఆ పని విడిచిపెట్టలేదు. సవర పిల్లలకు వాచకాలు, పాటల పుస్తకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను తన ఖర్చుతో అచ్చువేసింది. పారితోషికం ఇస్తామంటే, ఆ డబ్బు తనకు వద్దు, దానితో సవరలకు బడి పెట్టండి అని కోరారు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. ఆ తరువాత నిఘంటువు కూడా వచ్చింది.

ఈ పద్ధతిని మన ఫోను సంగతికి అన్వయించి చూడండి. ఒక వస్తువు ఎవరి కోసం తయారవుతున్నదో వారిని మొదట పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఫోనులో యాప్ తయారు చేసేవారు సాధారణంగా కుర్రవాళ్ళు. కళ్ళు బాగుంటాయి, చేతులు వణకవు, చేతిలో కొత్త ఫోను ఉంటుంది. వారు తమ ఫోనులో చూసుకుంటే అంతా బాగానే ఉంటుంది. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు వారికి ఇంపుగా కనబడతాయి. శుక్లాలు వచ్చిన కంటికి అవి అసలు కనబడవు. చూపు బొత్తిగా లేనివారికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే సౌకర్యం ఈనాటి ఫోనులలో ఉన్నది. తెలుగులో కూడా చదువుతుంది. కానీ యాప్ తయారు చేసినవారు ఒక్కొక్క బొత్తానికి పేరు రాసి పెట్టకపోతే, అది ఊరికే బటన్, బటన్ అని మాత్రం చెబుతుంది. ఏ బటన్ నొక్కితే డబ్బు పోతుందో, ఏది నొక్కితే వెనక్కి వస్తుందో ఆ అంధుడికి ఎలా తెలియాలి? వినికిడి లేనివారికి ఫోను చేసి అంకె చెబుతామంటే వారు ఏం చేయాలి? తయారీ మొదటి రోజునే ఒక అంధుణ్ణి, ఒక బధిరుణ్ణి, డెబ్బై దాటిన ఒక ముసలివారిని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే ఈ లోపాలు అప్పుడే బయటపడేవి. పంతులుగారు సవరను ఇంటికి పిలిపించుకున్నది ఇందుకే.

రిటైరైన తరువాత మొదలైన యుద్ధం

1907లో జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పిల్లలు తెలుగు పాఠాలు బట్టీ పట్టడం, ఇళ్ళలో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు మరొకటి కావడం ఆయనకు వింతగా తోచింది. ఈ విషయం మాట్లాడడానికి ఆయనకు తగినవారుగా దొరికినవారు గురజాడవారు, గిడుగువారు, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారుగారు. వాడుక భాషా ఉద్యమం అక్కడ అంకురించింది.

పంతులుగారు 1911లో ఉద్యోగ విరమణ చేశారు. మన సభ్యులు ఈ సంవత్సరాన్ని గమనించవలసిందిగా కోరుతున్నాను. ఆయన పేరు ఈనాడు మనం తలుచుకుంటున్న పనిలో ఎక్కువ భాగం ఆయన రిటైరైన తరువాత చేసినదే. 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు వ్యాసాన్ని కావ్య భాషలోగాని, ఆధునిక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. దాని మీద పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వెంకటరాయశాస్త్రిగారు వంటి పెద్దలు ఎదురు నిలిచారు. సభలు, పత్రికలు, అర్జీలు. చివరికి ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నది. 1915లో గురజాడవారు కన్నుమూశారు. పంతులుగారు దాదాపు ఒంటరి అయ్యారు.

ఇంకొకరైతే అక్కడితో ఇంటిపట్టున కూర్చునేవారు. ఈయన ఊరూరా తిరగడం మొదలుపెట్టారు. 1916లో కొవ్వూరులో ఎదుటి పక్షంవారి సభలోనే నాలుగు గంటలు మాట్లాడారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టారు. అది ఏడాదికి మించి సాగలేదు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా, తాను కార్యదర్శిగా వాడుక భాషా ప్రచారానికి ఒక సమాజం ఏర్పడింది. కొద్ది నెలల్లోనే కందుకూరివారూ పోయారు.

ఆయన వాదించిన తీరు మనవంటి ఆఫీసు పని చేసినవారికి బాగా నచ్చుతుంది. ఆయన ఆవేశం మీద ఆధారపడలేదు, కాగితం మీద ఆధారపడ్డారు. శాసనాలు, కైఫీయతులు, పాత వచన గ్రంథాలు తిరగేసి, మన పెద్దలు వచనం రాసినప్పుడు వాడుక మాటలే రాశారని వరుసగా చూపించారు. గ్రాంథికం తప్ప రాయకూడదన్న పండితుల రాతలనే తీసుకుని, ఆ గ్రాంథికంలో వారికే ఎన్ని తప్పులు దొర్లాయో పేజీ నంబర్లతో సహా ఎత్తి చూపారు. దీని అర్థం స్పష్టమే. నియమం పెట్టినవారే దాన్ని పాటించలేకపోతున్నారంటే, పదేళ్ళ పిల్లవాణ్ణి తప్పు పట్టడం న్యాయం కాదు.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఆధునిక భాషపై నిషేధాన్ని ఎత్తివేసింది. పర్లాకిమిడిలో ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. పంతులుగారికి 1913లో రావు బహద్దూర్ బిరుదు, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 22న స్వర్గస్థులయ్యారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

అనంతపురంతో సంబంధం

శ్రీకాకుళం వైపు పుట్టిన మనిషితో మన కరువు సీమకు ఏమి సంబంధం అని కొందరు అడగవచ్చు. 1916లో మన ఊళ్ళో ప్రారంభమైన దత్తమండల కళాశాలలో, అనగా మన ఆర్ట్స్ కాలేజీలో, తెలుగు పండితులుగా చాలాకాలం పనిచేసిన చిలుకూరి నారాయణరావుగారు కూడా శ్రీకాకుళం వైపువారే. ఆయన గిడుగువారి పక్షాన నిలిచిన వాడుక భాషావాది. ఆంధ్ర భాషా చరిత్రము అనే ఉద్గ్రంథం 1937లో ప్రకటించినవారు. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు సూచించినది ఆయనే అని ప్రసిద్ధి. కనుక పంతులుగారి వాదం మన ఊరికి ఆనాడే వచ్చింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. పంతులుగారు కోరినది శిష్ట వ్యావహారికం, అనగా చదువుకున్నవారు మాట్లాడే భాష. ఉద్యమం గెలిచాక పత్రికలలోనూ, పాఠ్యపుస్తకాలలోనూ స్థిరపడినది చాలావరకు కోస్తా జిల్లాల చదువుకున్నవారి తెలుగు. యాడికి పోతాండావు అని అడిగే మన పల్లె మనిషి మాటకు అందులో చోటు దొరకలేదు. తలుపు తెరిచినా, గడప ఇంకా ఎత్తుగానే మిగిలిందన్నమాట. ఆయన గొప్పతనం దీనివల్ల తగ్గదు. ఆయన మొదలుపెట్టిన పని మనవంతుకు ఇంకా మిగిలి ఉన్నదని మాత్రం తెలుస్తుంది.

మన జిల్లాలో ఆ పని ఎంత అవసరమో చూడండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అదీ పడితే పడినట్టు. శనక్కాయ పంట పోయిన ఏడాది రైతుకు పరిహారం రావాలన్నా, కూలికి డబ్బు పడాలన్నా ఈనాడు అన్నీ ఆధార్ మీద, వేలిముద్ర మీద, ఫోను మీద నడుస్తున్నాయి. ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట ప్రారంభించినది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. మొదట్లో మస్టరు రోలు కాగితం మీద వేలిముద్ర వేస్తే హాజరు. 2023 జనవరి నుంచి ఆ హాజరును ఫోను యాప్‌లోనే ఫోటోతో ఎక్కించడం తప్పనిసరి చేశారు. సిగ్నలు అందని గుట్ట పక్కన పని జరిగితే ఆ కూలి సంగతి ఏమిటి? రాళ్ళ నేలలో గడ్డపార పట్టి పట్టి అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తించకపోతే, ఆ తప్పు వేళ్ళదా, యంత్రానిదా? పని చేసినందుకే వేలి గీతలు పోయాయి. గీతలు పోయినందుకు కూలి ఆగకూడదు కదా.

ఫోనులోని గ్రాంథికం

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా రాతలో సదరు, తత్సంబంధిత, పైన ఉదహరించిన వంటి మాటలు లేనిదే ఫైలు కదిలేది కాదు. రాష్ట్రంలో 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు ఆఫీసులోకి అడుగుపెట్టింది. అయినా అర్జీదారు ఆ ఉత్తరం పట్టుకుని, దీంట్లో ఏముంది సార్ అని మళ్ళీ మా బల్ల దగ్గరికే వచ్చేవాడు. ఇప్పుడు బల్ల పోయి తెర వచ్చింది. ప్రమాణీకరణ విఫలమైనది అని తెర మీద వస్తే ఎవరికి ఏం తెలుస్తుంది? వేలిముద్ర సరిగ్గా పడలేదు, వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టండి అని రాస్తే ఎవరికైనా తెలుస్తుంది. కొత్త సాంకేతిక విద్య ఏమీ అక్కరలేదు, చదివేవాడు ఎవరో తలుచుకుంటే చాలు. పంతులుగారి జీవితమంతా ఈ ఒక్క సూత్రమే.

ఫోనులో మన లిపికి వచ్చే చిక్కు ఇంకొకటి ఉన్నది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే కొలతలో పంక్తి పెడితే మన వత్తులు తెగిపోతాయి, లేదా కింది పంక్తిలోకి దిగబడతాయి. కంప్యూటరులో తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే సంకేతాలు 1991లో యూనికోడ్ ద్వారా వచ్చాయి. ఆ పద్ధతిలో టైపు చేసిన కాగితాన్ని యంత్రం చదివి అంధులకు వినిపించగలదు. అదే కాగితాన్ని ఫోటో తీసి పెడితే యంత్రానికి అది ఒక బొమ్మ మాత్రమే. మన వాట్సాప్ గుంపులో వచ్చే జి.ఓ.లలో ఎన్ని అక్షరాలుగా వస్తున్నాయో, ఎన్ని బొమ్మలుగా వస్తున్నాయో ఒకసారి గమనించండి. చూపు తగ్గిన మన సభ్యులకు అవి ఒకరు చదివి పెడితే తప్ప అందవు.

ఆశ లేకపోలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సమాచారం, ఎలక్ట్రానిక్ సాధనాలు అందరికీ అందుబాటులో ఉండాలని అందులో ఉన్నది. ఆమ్లదాడిలో ముఖం, కళ్ళు దెబ్బతిన్నవారు, అంధులు వేసిన కేసులలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కన్ను ఆర్పి చూపించమని అడిగే ఫోను పరీక్షలో వారు నెగ్గలేక బ్యాంకు ఖాతా తెరవలేకపోయారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, పద్ధతులు మార్చమని ఇరవై ఆదేశాలు ఇచ్చింది. మన లైఫ్ సర్టిఫికెట్టు సంగతే తీసుకోండి. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వేలిముద్ర, కనుపాప పద్ధతులతో మొదలైంది. వేళ్ళు అరిగిన ముసలివారి ఇబ్బంది చూసి 2021 నవంబరులో ముఖం చూపిస్తే చాలునన్న పద్ధతి చేర్చారు. పింఛనుదారు వేళ్ళు మారలేదు, పద్ధతి మారింది. తప్పు ఎక్కడున్నదో అక్కడ దిద్దితే పని ఎంత తేలికో దీనివల్ల తెలుస్తున్నది.

మనం చేయవలసినది

పంతులుగారు ఉదాహరణలు పోగు చేసి గెలిచారు. మనమూ అదే చేయాలని నా ప్రతిపాదన. సంఘం గదిలో ఒక నోటుబుక్కు పెడదాం. సభ్యుడెవరైనా ఫోనులో ఎక్కడ ఆగిపోయారో తేదీ, యాప్ పేరు, తెర మీద వచ్చిన మాట, ఎన్నిసార్లు ప్రయత్నించారో నాలుగు పంక్తుల్లో రాయాలి. చదవడం రాయడం రాని కుటుంబ పింఛనుదారుల తరఫున పక్కవారు రాయాలి. వారి ఇబ్బందే మొదట రావాలి. ఆరు నెలలకొకసారి దాన్ని శుభ్రంగా టైపు చేయించి, సంబంధిత శాఖకు, బ్యాంకుకు పోస్టులో పంపుదాం. ఒక ముసలివాడి గొణుగుడుకు జవాబు రాకపోవచ్చు. తేదీలతో ఉన్న యాభై ఉదాహరణలను పక్కన పెట్టడం ఏ ఆఫీసుకూ అంత సులభం కాదు. ఆ సంగతి బల్లకు అవతల వైపు కూర్చున్న మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఈలోగా చేయదగిన చిన్న పనులు ఉన్నాయి. ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచుకోవచ్చు. తెర చదివి వినిపించే సౌకర్యం అక్కడే ఉంటుంది. మనవళ్ళను, మనవరాళ్ళను అడిగి పెట్టించుకోండి. వారు మన ఫోను లాక్కుని పని చేసిపెట్టడం కన్నా, మన చేతనే చేయించడం మంచిదని వారికి చెప్పండి. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. మన సంఘం కూడా ఇకమీద సర్క్యులర్లను ఫోటో తీసి పంపకుండా, యూనికోడ్‌లో టైపు చేసి, పెద్ద అక్షరాలతో, వాడుక మాటల్లో పంపవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఇతరులను అడిగేముందు మన ఇల్లు చక్కదిద్దుకోవడం ధర్మం.

నోటుబుక్కు ఖర్చు నేను భరిస్తాను. వచ్చే నెల సమావేశంలో ఈ ప్రతిపాదనను చర్చకు పెట్టి ఆమోదించవలసిందిగా సభ్యులకు మనవి.